విశాఖలో ఇంటి ప్లాన్‌కు ఆన్‌లైన్ దరఖాస్తు: సాఫ్ట్‌వేర్ లెక్కకు ముందు మీరు చూసుకోవాల్సినవి

విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పరిధిలో ఇల్లు కట్టుకునేవాళ్లు ప్లాన్ కాగితాలు పట్టుకుని దాని ఆఫీసున్న టెన్నేటి భవన్ మెట్లెక్కే రోజులు పోయాయి. దరఖాస్తు, డ్రాయింగ్, ఫీజు అన్నీ ఆన్‌లైన్లోనే. నగరం చుట్టుపక్కల వీఎంఆర్‌డీఏ (పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలోని ఊళ్లలోనూ అంతే. డ్రాయింగ్ నిబంధనల ప్రకారం ఉందో లేదో మొదట లెక్కేసేది సాఫ్ట్‌వేరే. పోర్టల్లో అన్నీ ఎక్కించేది మాత్రం లైసెన్సు ఉన్న ఇంజినీరు లేదా ఆర్కిటెక్టు, అంటే ఎల్‌టీపీ. దాంతో చాలామంది యజమానులు అడిగిన చోట సంతకాలు పెట్టి మిగతాదంతా ఆయనకే వదిలేస్తారు. దయచేసి అలా వదిలేయకండి. సాఫ్ట్‌వేర్ లెక్కలో పొరపాటు పడదు గానీ, అది చూసేది డ్రాయింగ్‌నే తప్ప మీ స్థలాన్ని కాదు.

ముందుగా కాగితాలు. సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు చేతులు మారిన పత్రాలు), ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే ధ్రువపత్రం), ఖాళీ స్థలం పన్ను కట్టిన రసీదు, నాలుగు వైపులా తీసిన సైట్ ఫొటోలు సిద్ధం చేసుకోండి. లేఅవుట్‌కు అప్రూవల్ ఉంటే ఆ కాపీ కూడా ఉండాలి. అప్రూవల్ లేని లేఅవుట్ అయితే ఓపెన్ స్పేస్ కింద చార్జీ అదనంగా పడుతుంది, బడ్జెట్‌లో ముందే వేసుకోండి. అడివివరం, వేపగుంట లాంటి పంచ గ్రామాల వైపు, అంటే సింహాచలం దేవస్థానం భూముల వివాదం ఉన్న ఊళ్లలో స్థలమైతే అన్నిటికంటే ముందు 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) చూడండి. డ్రాయింగ్ ఎంత బాగున్నా అక్కడ చిక్కు హక్కు దగ్గర వస్తుంది.

ఇక అసలు సంగతి, కొలతలు. 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు ఉన్న 200 గజాల స్థలం అనుకుందాం. డాక్యుమెంట్ ప్రకారం అది 167.2 చదరపు మీటర్లు. టేపు పట్టి చూస్తే ముఖం 29.5 అడుగులే వచ్చిందనుకోండి, అప్పుడు 196.7 గజాలు, అంటే 164.4 చదరపు మీటర్లు. పక్క ప్రహరీ అర అడుగు లోపలికి వస్తే చాలు, ఈ తేడా వచ్చేస్తుంది. డాక్యుమెంట్‌లో ఉన్న అంకె వేసి గీస్తే సాఫ్ట్‌వేర్ అడ్డు చెప్పదు. తర్వాత సైట్ తనిఖీలో బయటపడి షార్ట్‌ఫాల్, అంటే లోపం సరిచేయమనే నోటీసు వస్తుంది.

రోడ్డు వెడల్పు ఇంతకంటే పెద్ద విషయం. ఇప్పుడున్నది 30 అడుగుల రోడ్డు, మాస్టర్ ప్లాన్‌లో 40 అడుగులు అని ఉంటే, మీ వైపు 5 అడుగులు రోడ్డుకు పోతుంది. పైన చెప్పిన 200 గజాల్లో మిగిలేది 183.3 గజాలే. సెట్‌బ్యాక్, అంటే భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ కూడా ఆ కొత్త గీత నుంచే కొలుస్తారు. 2017 నాటి ఏపీ బిల్డింగ్ రూల్స్‌లో, అంటే జీవో 119లో, ఎంత వదలాలన్నది స్థలం విస్తీర్ణం, రోడ్డు వెడల్పు, భవనం ఎత్తు బట్టి మారుతుంది. ఈ మూడింట్లో ఒక్కటి తప్పు పడినా కింద లెక్కంతా తప్పే. కాబట్టి డ్రాయింగ్ మొదలుపెట్టక ముందే ఎల్‌టీపీతో కలిసి సైట్‌కి వెళ్లండి. మూలమూలకూ అడ్డకొలతలు కూడా తీయించండి.

సాఫ్ట్‌వేర్ పని ఇలా ఉంటుంది. స్థలం హద్దు, రోడ్డు, గోడల బయటి గీత, గదులు, మెట్లు, పార్కింగ్, ప్రతిదాన్నీ డ్రాయింగ్ ఫైల్లో దానికి కేటాయించిన లేయర్‌లో (పొరలో), గీత రెండు కొసలూ కలిసేలా గీయాలి. కొసలు మిల్లీమీటరు దూరంలో ఆగిపోయినా మన కంటికి అది గదిలాగే ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అక్కడ వైశాల్యమే లేదు. బాల్కనీని వేరే లేయర్‌లో పెడితే బిల్టప్ ఏరియా మారిపోతుంది. సెట్‌బ్యాక్‌కు సగటు తీసుకోదు, ఎక్కడ తక్కువుంటే అదే పట్టుకుంటుంది. ఒక పక్క 1.5 మీటర్లు వదలాల్సి ఉండి, స్థలం వెనక మూల దగ్గర సన్నబడి 1.42 వస్తే ఆ పక్క మొత్తం ఫెయిల్. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. మనిషి చూసీ చూడనట్టు పోనిచ్చే 8 సెంటీమీటర్లను అది పోనివ్వదు, పక్కింటివాళ్ల గాలీ వెలుతురూ ఆ మేరకు మిగులుతాయి.

సాఫ్ట్‌వేర్ తనిఖీ అయ్యాక స్క్రూటినీ రిపోర్టు వస్తుంది. ఎల్‌టీపీని అడిగి కాపీ తీసుకోండి. ప్రతి నిబంధన పక్కన ఉండాల్సింది ఎంత, డ్రాయింగ్‌లో ఉన్నది ఎంత అని అంకెలుంటాయి. "పాస్ అయిందండీ" అంటే సరిపెట్టుకోకుండా స్థలం విస్తీర్ణం, రోడ్డు వెడల్పు, భవనం ఎత్తు మీరు కొలిచినవే ఉన్నాయా అని చూడండి.

మన ఊరికి ప్రత్యేకమైనవి కొన్ని ఉన్నాయి. ఆరిలోవ, ఎండాడ వైపు కొండ వాలు స్థలాల్లో ముందు, వెనక లెవల్స్ సెక్షన్ డ్రాయింగ్‌లో (భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మలో) స్పష్టంగా చూపించాలి, లేకపోతే ఎత్తు లెక్క పక్కదారి పడుతుంది. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు అయితే సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నిబంధనలు) సంగతి తేల్చుకోవాలి. ఎన్‌ఏడీ, గాజువాక వైపు ఎత్తైన భవనాలకు నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగా విమానాశ్రయం ఎత్తు పరిమితులు చూసుకోవాలి.

2025లో వచ్చిన సెల్ఫ్ సర్టిఫికేషన్ పద్ధతిలో 4,000 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 18 మీటర్ల లోపు ఎత్తుండే నివాస భవనాలకు యజమాని, ఎల్‌టీపీ ఇచ్చే హామీ మీదే అనుమతి వస్తుంది. త్వరగా వస్తుంది, మంచిదే. కానీ తప్పు సమాచారం ఇచ్చినట్టు తర్వాత తేలితే అనుమతి రద్దవుతుంది, అప్పటికి శ్లాబు వేసేసి ఉండొచ్చు. అఫిడవిట్ మీద సంతకం చేసేది మీరు.

ఫీజు కట్టాక వచ్చే ప్రొసీడింగ్స్ (అనుమతి ఉత్తర్వు), ఆమోదించిన ప్లాన్‌తో పాటు డ్రాయింగ్ అసలు ఫైలు కూడా ఎల్‌టీపీ దగ్గర తీసుకుని భద్రపరచండి. పని మధ్యలో మార్పు చేయాలన్నా, చివర్లో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు (ఇంట్లో చేరడానికి ఇచ్చే ధ్రువపత్రానికి) పెట్టాలన్నా కట్టినదాన్ని పోల్చేది దాంతోనే.