బ్రామ్లీ కాయతో పప్పు, పులిహోర

బ్రామ్లీ ఆపిల్‌ను ఒకసారి కొరికి, పులుపుకు మొహం చిట్లించి పారేసేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అది కొరుక్కుతినే పండు కాదు, వండుకునే కాయ. పుల్ల మామిడి లేక నోరు చప్పబడిన తెలుగువారికి ఇంగ్లండ్‌లో ఇంతకు మించిన ఆధారం నాకు కనిపించలేదు.

నేనుండే నాటింగ్‌హమ్‌కు దగ్గర్లోని సౌత్‌వెల్ దీని పుట్టిల్లు. 1809లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే అమ్మాయి పాతిన గింజ నుంచి తొలి చెట్టు మొలిచింది. తరువాత ఆ చెట్టున్న ఇల్లు కొన్న మాంసం వ్యాపారి మాథ్యూ బ్రామ్లీ, కాయకు తన పేరు పెడితేనే అంటు కట్టేందుకు కొమ్మలు తీసుకోనిస్తానన్నాడట. నేటి బ్రామ్లీలన్నీ ఆ ఒక్క చెట్టు అంట్ల సంతానమే.

పప్పుకు ఆకుపచ్చగా, గట్టిగా, చేతికి బరువుగా తగిలే కాయ తీసుకోండి. పసుపు తిరిగిన కాయలో పులుపు తగ్గుతుంది.

కప్పు కందిపప్పుకు మధ్యరకం కాయ ఒకటి చాలు. పప్పును ముందుగా పసుపు వేసి మెత్తగా ఉడికించండి. కాయను పప్పుతో పాటు కుక్కర్‌లో వేయకండి, పులుపు తగిలితే పప్పు సరిగా ఉడకదు. చెక్కు, గింజలు తీసి పెద్ద ముక్కలు కోసి, చీల్చిన పచ్చిమిర్చి, ఉప్పు, కాసిని నీళ్లతో వేరే గిన్నెలో మూతపెట్టి మగ్గించండి. దగ్గరే నిలబడాలి. మామిడి ముక్కలా ఇది ఓపిక పట్టదు, అయిదారు నిమిషాల్లో నురగలా ఉబ్బి గుజ్జయిపోతుంది. సగం ముక్కలు కరిగి, సగం నిలిచి ఉండగానే పప్పులో కలిపి ఒక్క పొంగు రానివ్వండి. చింతపండు అక్కర్లేదు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకుతో పోపు పెట్టండి. ఇంగువ మాత్రం మానకండి, ఈ కాయ పులుపుకు అది బాగా అతుకుతుంది.

పులిహోరకు అన్నం ఆరి, పోపు సిద్ధమయ్యాకే కాయ తురమాలి. ముందే తురిమితే నల్లబడుతుంది. తురుమును వేడి పోపులో ఒక్క నిమిషం తిప్పి దించి, అన్నంలో కలపండి. నిమిషానికి మించి తిప్పితే తురుము గుజ్జయి అన్నం ముద్దవుతుంది.

ఏడాది నిల్వ ఆవకాయకు ఇది పనికిరాదు. ముక్క త్వరగా మెత్తబడుతుంది. కొంచెమే కలిపి, ఫ్రిజ్‌లో పెట్టి వారంలో తినేయండి.

ఇంగ్లిషువారిలా తీపి గుజ్జు చేసుకోవాలంటే పంచదార దించే ముందు వేయండి. మొదటే వేస్తే ముక్క బిగుసుకుని అంత తేలికగా కరగదు.

అక్టోబరులో కాయలు విరివిగా దొరుకుతాయి. దెబ్బ తగలనివి ఏరి, ఒక్కొక్కటి వార్తాపత్రికలో చుట్టి చల్లని చోట పేర్చితే చలికాలమంతా వస్తాయి. వారానికోసారి విప్పి చూసి, కుళ్లినదాన్ని వెంటనే తీసేయండి. దెబ్బ తిన్నవాటిని ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే పప్పు చేసే రోజున నేరుగా మగ్గించుకోవచ్చు.