జబ్బు లేనప్పుడు చేయించుకునే ఆరోగ్య పరీక్ష: ఎలా సిద్ధపడాలి, అక్కడేం జరుగుతుంది

ఒంట్లో ఏ బాధా లేనప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్ళడం చాలామందికి అనవసరపు పనిగా తోస్తుంది. అయితే రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు వంటివి తొలిదశలో ఏ లక్షణమూ కనబరచకుండా ఏళ్ళ తరబడి సాగిపోగలవు గనుక, వాటిని ముందుగానే పట్టుకోవడానికి ఉద్దేశించినదే ఈ పరీక్ష. ఇందులో రక్తం తీయడం చిన్న భాగమే. ఎక్కువ మేలు జరిగేది డాక్టరుతో మాట్లాడే ఆ కొద్ది నిమిషాల్లో, అదీ మనం సిద్ధపడి వెళ్ళినప్పుడు.

వాడుతున్న మందులన్నిటినీ ముందురోజే కాగితం మీద రాసుకోవాలి. పేర్లు గుర్తులేకపోతే మందుల షీట్లనే వెంట తీసుకువెళ్ళవచ్చు. సొంతంగా కొనుక్కునే విటమిన్ మాత్రలు, మూలికా మందులు కూడా చెప్పవలసినవే. జుట్టు కోసమని వేసుకునే బయోటిన్ మోతాదు ఎక్కువైతే కొన్ని థైరాయిడ్ పరీక్షల ఫలితాలే తారుమారు కావచ్చు. రక్తసంబంధీకులకు ఏయే జబ్బులున్నాయో, ఏ వయసులో వచ్చాయో కూడా ఇంట్లో పెద్దవారిని అడిగి తెలుసుకోవాలి. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్ళలోపు, తల్లికో అక్కచెల్లెళ్ళకో 65 ఏళ్ళలోపు గుండెజబ్బు వచ్చి ఉంటే డాక్టర్లు దానిని ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకుంటారు.

పరగడుపున రమ్మన్నారంటే సాధారణంగా కనీసం 8 గంటలు ఏమీ తినకూడదని అర్థం. మంచినీళ్ళు మాత్రం తాగవచ్చు. రోజూ వేసుకునే మందులను మనంతట మనం మానకూడదు. అయితే మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడేవారికి ఖాళీ కడుపు మీద చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు గనుక, ఆ ఉదయం ఏది తీసుకోవాలో, ఏది ఆపాలో ముందే అడగడం తప్పనిసరి.

వెళ్ళగానే ఎత్తు, బరువు, నాడి చూస్తారు. అవి నిమిషాల్లో ముగిసిపోతాయి. జాగ్రత్త అవసరమైనది రక్తపోటు దగ్గర. అరగంట ముందునుంచే కాఫీ, టీ, సిగరెట్టు మానాలి. మూత్రవిసర్జన ముగించుకుని, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలమీద ఉంచి, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు నెమ్మదిగా కూర్చోవాలి. పట్టీని చొక్కా మీద కాక చర్మం మీదనే చుట్టాలి, చెయ్యి గుండె ఎత్తులో దేనిమీదనైనా ఆని ఉండాలి, కొలుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన వెంటనే కొలవబోతే, కాసేపు ఆగి చూడమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. ఆస్పత్రి కంగారుతోనే బీపీ పెరిగేవారు కొందరుంటారు. అందుచేత మరీ ఎక్కువగా ఉంటే తప్ప, ఒక్క రీడింగుతో జబ్బని తేల్చకుండా ఇంట్లో కొన్నాళ్ళు కొలిచి రాయమంటారు.

పొగ, మద్యం, నిద్ర, మనసు బాగోగులు, లైంగిక ఆరోగ్యం గురించి డాక్టరు అడిగే ప్రశ్నలకు తగ్గించి చెబితే అవసరమైన పరీక్ష తప్పిపోతుంది. కుటుంబసభ్యుల ఎదుట చెప్పలేనివి ఉంటే, కాసేపు ఒంటరిగా మాట్లాడాలని అడగవచ్చు. ధనుర్వాతం టీకా వేయించుకుని 10 ఏళ్ళు దాటిందేమో కూడా ఇప్పుడే చూసుకోవాలి.

ఏ పరీక్షలు చేయాలన్నది వయసును బట్టి, కుటుంబ చరిత్రను బట్టి మారుతుంది. రక్తంలో చక్కెర, కొలెస్ట్రాల్ సాధారణంగా ఉంటాయి. స్త్రీలకు గర్భాశయ ముఖద్వార, రొమ్ము క్యాన్సర్ల పరీక్షలు, ఒక వయసు దాటాక అందరికీ పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష సూచిస్తారు. డజన్లకొద్దీ పరీక్షలున్న ప్యాకేజీ తీసుకుంటే ఎక్కువ భద్రత ఉంటుందనుకోవడం మాత్రం సరికాదు. చాలా పరీక్షలకు సాధారణ పరిధిని ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది అందులో ఉండేలా నిర్ణయిస్తారు; అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని పరీక్షలు 20 చేయిస్తే, ఏ జబ్బూ లేనివారికి సైతం కనీసం ఒకటి పరిధి దాటే అవకాశం సుమారు 64 శాతం. ఆ ఒక్క అంకె వెంటపడి స్కానులు, మళ్ళీ పరీక్షలు, వాటితో నిద్రలేని రాత్రులు వచ్చిపడతాయి.

రిపోర్టు వచ్చాక పరిధి దాటాయని ముదురు అక్షరాల్లో అచ్చువేసిన అంకెలనే వెతకడం మన అలవాటు. పరగడుపు చక్కెర 100 లోపు ఉంటే సాధారణం, 100 నుంచి 125 వరకు మధుమేహానికి ముందుదశ, 126 లేదా ఆపైన వస్తే మధుమేహం కావచ్చు. లక్షణాలు లేనివారికి ఇంకో పరీక్షతో నిర్ధారించుకుంటారు. గత రెండు మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం చేరితే మధుమేహంగా లెక్కిస్తారు గాని, రక్తహీనత ఉన్నవారిలో అది దారితప్పించవచ్చు. పాత రిపోర్టులు దాచుకున్నవారికి ఇక్కడే ప్రయోజనం కలుగుతుంది: మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ 1.1 అన్నది విడిగా చూస్తే పరిధిలోనే కనిపించవచ్చు. అదే మనిషికి లోగడ 0.7 ఉండేదని తెలిస్తే డాక్టరు దాన్ని వేరుగా చదువుతారు.

బయటికి వచ్చేలోగా, మళ్ళీ చేయించవలసినది ఏదో, ఎప్పుడో అడిగి రాసుకోవాలి. ఛాతీలో బరువు, కారణం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం వంటివి ఈలోగా కనిపిస్తే తర్వాతి పరీక్ష తేదీ వరకు ఆగకూడదు; ఛాతీలో బరువైతే ఆ క్షణమే అత్యవసర విభాగానికి వెళ్ళాలి.