పాత డ్రాగ్‌స్టర్ ముందు నిలబడినప్పుడు ఏం చూడాలి, ఎలా చూడాలి

పునరుద్ధరించిన పాత డ్రాగ్ రేసింగ్ కారు ఎదురుపడగానే చాలామంది దాని రంగు చూసి ఆహా అంటారు, క్రోమ్ గొట్టాల పక్కన నిలబడి ఫోటో దిగుతారు, ఆ వెంటనే మరో కారు దగ్గరికి వెళ్లిపోతారు. ఆ రంగు కారుకు అన్నిటికంటే చివర చేరినది, కారు గురించి అన్నిటికంటే తక్కువ చెప్పేదీ అదే. అందుచేత రంగును కాసేపు పక్కన పెట్టి, ముందుగా ఆ కారులో లేనివాటిని వెతకడంతో మొదలుపెట్టమని నా సలహా. ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నది 1960లలో కాలిఫోర్నియా ట్రాకుల మీద పరుగెత్తిన, ఇంజను ముందు, డ్రైవరు వెనుక ఉండే నైట్రో డ్రాగ్‌స్టర్‌ను, అంటే నైట్రోమిథేన్ అనే ఇంధనంతో తిన్నని దారిలో కొద్ది దూరం పరుగెత్తే పందెపు కారును. ఈ ఒక్క రకం అర్థమైతే ఆ కాలపు మిగతా కార్లను చూడటం సులువవుతుంది.

ముక్కు దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా వెనక్కి నడవండి. రేడియేటర్ కనిపించదు. స్టార్టర్ మోటారు ఉండదు, ముందు చక్రాలకు బ్రేకులు ఉండవు, వెనుక ఇరుసుకు స్ప్రింగులు ఉండవు. ఆ ఇరుసును ఏకంగా ఛాసిస్‌కే, అంటే కారును మోసే గొట్టాల చట్రానికే బిగించేస్తారు. ఆ దశాబ్దం చివరి కార్లలో చాలావాటికి గేర్‌బాక్స్ కూడా లేదు. ఇవేవీ మరచిపోయి వదిలేసినవి కావు. పందెం దూరం పావు మైలు, అంటే 1,320 అడుగులు మాత్రమే. 1964 నాటి మేటి కార్లకు అది సుమారు ఎనిమిది సెకన్ల పని. అంత కొద్దిసేపటికి ఇంజనును చల్లబరచవలసిన అవసరం రాదు కాబట్టి రేడియేటర్ మోయడం దండగ. నిప్పురవ్వకు కావలసిన విద్యుత్తును మాగ్నెటో అనే చిన్న జనరేటరు తానే పుట్టించుకుంటుంది. ఇక ఇంజనును మేల్కొలిపేందుకు వెనుక నుంచి ఒక ట్రక్కు నెట్టేది. చక్రాలతో పాటు ఇంజను తిరగడం మొదలై, ఆయిల్ ఒత్తిడి పెరిగిందని మీటరులో చూసుకున్నాక డ్రైవరు మాగ్నెటో స్విచ్చి వేసేవాడు. ముందు భాగంలో ఛాసిస్ గొట్టాల మధ్య కట్టిన చిన్న అల్యూమినియం ట్యాంకును కూడా గమనించండి. అందులో పట్టేది కొద్ది గ్యాలన్లే, ఆ కాస్త దూరానికి అంతకంటే అక్కర్లేదు.

ఇప్పుడు వెనక్కి వచ్చి, యజమాని అనుమతిస్తే, డ్రైవరు కూర్చునే చోటికి వంగి చూడండి. నా దృష్టిలో ఈ కారులో అన్నిటికంటే ఎక్కువసేపు ఆగవలసిన స్థలం ఇదే. సీటు వెనుక ఇరుసు కంటే కూడా వెనుక ఉంటుంది, డ్రైవరు తన కాళ్లను ఇరుసుకు ఇరువైపులా చాపి కూర్చుంటాడు. ఉండేలు బద్ద వెనుక రాయిలా కూర్చోబెడుతుంది కనుకే ఈ అమరికకు స్లింగ్‌షాట్ అనే పేరు వచ్చింది. ఆనాటి టైర్లకు పట్టు తక్కువ, ఇంజనుకు బలం ఎక్కువ. అందువల్ల మనిషితో సహా వీలైనంత బరువును వెనుక చక్రాల మీద మోపాలన్నది ఆలోచన. దాని మూల్యాన్ని డ్రైవరు చెల్లించాడు. క్లచ్ ఉండే లోహపు డొల్ల అతని పాదాల మధ్యకు వచ్చింది, ఇంజను ముఖానికి ఎదురుగా నిలిచింది, చిందే నూనె, ఎగసే మంట నేరుగా అతని మీదికే వచ్చేవి. సీటు ఎత్తులో మీ కళ్లను నిలిపి ముందుకు చూస్తే ట్రాకు కనిపించదు, ఇంజనులోకి గాలిని బలవంతంగా ఊదే సూపర్‌చార్జర్ వెనుక భాగం మాత్రమే కనిపిస్తుంది. గంటకు 200 మైళ్ల వేగంలో ఆ మనిషి దారిని చూసింది దానికి అటూ ఇటూ మిగిలిన సందుల్లోంచే. చేతికందే దూరంలో బ్రేకు మీట, పారాచూట్ విప్పే పిడి ఉంటాయి. వాటి పట్టు దగ్గర లోహం అరిగి నునుపెక్కి ఉంటే, దాన్ని మళ్లీ పాలిష్ చేయించకుండా వదిలిన యజమానికి మనసులోనే ఒక నమస్కారం పెట్టండి.

ఇంజను దగ్గర కారు వయసు తెలుస్తుంది. ఆ కాలపు నైట్రో కార్లలో ఎక్కువగా కనిపించేది క్రైస్లర్ వారి హెమీ. దహన గది అర్ధగోళాకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. వెడల్పాటి వాల్వ్ కవర్ల నడుమ నుంచే స్పార్క్ ప్లగ్ తీగలు లోపలికి దిగడం దీని గుర్తు. 1957, 1958 సంవత్సరాల 392 ఘనపు అంగుళాల ఇంజనుకు మాగ్నెటో వెనుక వైపు ఉంటుంది. 1964లో వచ్చిన 426 ఘనపు అంగుళాల ఇంజనుకు అది ముందు వైపుకు మారింది. ఈ ఒక్క తేడా తెలిస్తే పది అడుగుల దూరం నుంచే రెంటినీ వేరు చేయవచ్చు. అయితే 426 వచ్చిందని 392 మూలపడలేదు. చాలా జట్లు దశాబ్దం చివరి వరకూ పాతదాన్నే నమ్ముకున్నాయి, కాబట్టి ఇంజను పాతది కాబట్టి కారు కూడా 1964కు ముందుదే అని తేల్చేయకండి.

ఇంజను నెత్తిన కూర్చున్న పెట్టెలాంటి భాగం సూపర్‌చార్జర్. దాన్ని 6-71 అని పిలవడం వింటారు. జనరల్ మోటార్స్ తయారు చేసిన ఒక డీజిల్ ఇంజనుకు ఆరు సిలిండర్లు, ఒక్కో సిలిండరు పరిమాణం 71 ఘనపు అంగుళాలు. ఈ అంకెల పుట్టుక అది. ఆ టూ-స్ట్రోక్ డీజిల్ ఇంజను తనంతట తాను గాలిని పీల్చుకోలేదు, అందుకే దానికి గాలి ఊదే యంత్రం అమర్చారు. బరువులు లాగే డీజిల్ వాహనాల నుంచి ఆ యంత్రాన్ని విప్పి తెచ్చి, పందెపు ఇంజను మీద పెట్టి, పంటి బెల్టుతో తిప్పిన కుర్రవాళ్ల తెలివికి ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ఈ కాలపు అసలు గుణం అక్కడే కనిపిస్తుంది. కొన్న భాగాల కంటే మరో పని కోసం పుట్టి ఇక్కడికి చేరిన భాగాలే వీటిలో ఎక్కువ.

ఇంధనం నైట్రోమిథేన్. పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు ప్రకారం ఒక వంతుకు సుమారు 14.7 వంతుల గాలి కావాలి. నైట్రోమిథేన్ తన అణువులోనే ఆక్సిజన్‌ను మోసుకొస్తుంది కనుక సుమారు 1.7 వంతులతో సరిపెట్టుకుంటుంది. కిలోకు లెక్క కడితే అందులో ఉన్న శక్తి పెట్రోలులో ఉన్నదానిలో నాలుగో వంతు మాత్రమే. కానీ అదే గాలితో ఎనిమిది రెట్లకు పైగా ఇంధనాన్ని మండించవచ్చు కాబట్టి, ఒక్కో పేలుడులో వచ్చే శక్తి రెట్టింపు దాటుతుంది. పైన కనిపించే ఇంధన గొట్టాలు అంత లావుగా ఎందుకున్నాయన్న ప్రశ్నకు ఇదే జవాబు.

తర్వాత ఎగ్జాస్ట్ గొట్టాల వాలు చూడండి. అవి కిందికీ వెనక్కీ తిరిగి ఉంటే కారు రూపం దశాబ్దపు తొలి సగానికి చెందినదని ఊహించవచ్చు. వెనక్కి వాలుతూ పైకి లేచి ఉంటే ఆ తర్వాతిది. పైకి లేచిన గొట్టాల గాలి విసురు టైర్ల పొగను పక్కకు తోసి డ్రైవరుకు కాస్త దారి కనిపించేలా చేసింది. ఛాసిస్ పొడవు కూడా ఇలాంటి గుర్తే. దశాబ్దం మొదట్లో ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 110 అంగుళాల ప్రాంతంలో ఉన్న కార్లు, చివరికి వచ్చేసరికి 200 అంగుళాలు దాటాయి.

టైర్ల పొగ గురించి ఒక మాట. పాత ఫోటోల్లో ఈ కార్లు మొదటి అడుగు నుంచి చివరి గీత దాకా తెల్లటి పొగలోనే పరుగెత్తడం చూసి, అది ప్రేక్షకుల కోసం చేసిన ఆర్భాటమని అనుకునేవారున్నారు. అది ఆర్భాటం కాదు. క్లచ్ ఒక్కసారిగా పట్టుకునేది, ఇంజను బలానికి టైరు జారక తప్పేది కాదు. దశాబ్దం చివర్లో నియంత్రితంగా జారే క్లచ్‌లు వచ్చాక, జారవలసిన పని టైరు నుంచి క్లచ్‌కు మారింది. పొగ తగ్గింది, సమయాలు కూడా తగ్గాయి.

కారు పక్కన రాసిన అక్షరాలను చదవకుండా కదలవద్దు. ఏఏ/ఎఫ్‌డీ అని ఉంటే అది సూపర్‌చార్జర్ ఉన్న, నైట్రోతో నడిచే ఫ్యూయల్ డ్రాగ్‌స్టర్, అంటే ఆ కాలపు అత్యున్నత తరగతి. ఈ తరగతుల వెనుక ఒక పెద్ద ప్రయత్నం ఉంది. దక్షిణ కాలిఫోర్నియాలోని ఎండిన సరస్సుల నేల మీద, వీధుల్లో విచ్చలవిడిగా సాగిన పందాలను ఒక క్రమంలోకి తేవాలని 1951లో వాలీ పార్క్స్ జాతీయ హాట్ రాడ్ సంఘాన్ని స్థాపించారు. వేగం కోసం మార్చుకున్న కార్లను హాట్ రాడ్ అంటారు. అంతకు ముందు ఏడాదే శాంటా ఆనాలో విమానాశ్రయపు రన్‌వే మీద టికెట్టు పెట్టి పందాలు నడపడం మొదలైంది. సంఘం తన తొలి జాతీయ పోటీలను 1955లో కాన్సస్‌లోని గ్రేట్ బెండ్‌లో నిర్వహించింది. 1957లో అదే సంఘం నైట్రోమిథేన్‌ను నిషేధించి, 1960ల తొలి సంవత్సరాల్లో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. ఆ మధ్యకాలంలో పెట్రోలుతోనే బలం పెంచుకోవాలని కొందరు రెండేసి ఇంజన్లు పెట్టారు. టామీ ఐవో అనే డ్రైవరు అయితే ఒకే కారుకు నాలుగు బ్యూక్ ఇంజన్లు బిగించి ముక్కున వేలేసుకునేలా చేశాడు. కాబట్టి ఎదురుగా జంట ఇంజన్ల కారు కనిపిస్తే దాన్ని వింత వస్తువుగా చూసి నవ్వి వదిలేయకండి, అది ఒక నిషేధానికి దొరికిన జవాబు. పందేన్ని జెండా ఊపి మొదలుపెట్టే మనిషి స్థానంలోకి రంగురంగుల దీపాల స్తంభం 1963లో వచ్చింది.

ఈ రకం కార్ల కథ ముగిసిన తీరు తెలిస్తే పునరుద్ధరణను అంచనా వేయడం తేలికవుతుంది. 1964 ఆగస్టులో న్యూజెర్సీలో గంటకు 201.34 మైళ్ల వేగాన్ని నమోదు చేసిన డ్రైవరు డాన్ గార్లిట్స్. 1970 మార్చి 8న లాంగ్ బీచ్ ప్రాంతంలోని లయన్స్ ట్రాకు మీద ఆయన బయలుదేరుతుండగానే కారు ట్రాన్స్‌మిషన్ పేలింది. కారు రెండు ముక్కలైంది, ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. కోలుకుంటూ ఆయన ఇంజనును డ్రైవరు వెనక్కి మార్చే కారును తయారు చేయించాడు. అంతకు ముందు కూడా అలాంటి కార్లు వచ్చాయి కానీ అవి నిటారుగా నడిచేవి కావు. స్టీరింగ్ స్పందనను నెమ్మది చేశాక ఆ చిక్కు తీరింది. 1971లో కాలిఫోర్నియాలోని పొమోనా పోటీల్లో ఆ కారు గెలిచింది. కొద్ది సంవత్సరాల్లోనే ముందు ఇంజను కార్లు పెద్ద పోటీల నుంచి మాయమయ్యాయి. లయన్స్ ట్రాకు కూడా 1972 డిసెంబరులో మూతపడింది.

పనికిరాని పందెపు కారును ఎవరూ దాచుకోరు. ఇంజను మరో కారులోకి పోతుంది, వెనుక ఇరుసు ఇంకొకరికి అమ్ముడవుతుంది, ఛాసిస్‌ను కోసి పొడిగిస్తారు, లేదా షెడ్డు వెనుక తుప్పుకు వదిలేస్తారు. ఈ కారణంగా నేడు మీ ముందున్న కారులో ఎంత పాతదో అడగడం మర్యాదకు లోటు కాదు. అడగవలసిన తీరు మాత్రం ఉంది. ‘ఇది అసలుదేనా?’ అంటే యజమాని నొచ్చుకుంటారు. ‘మీకు దొరికినప్పుడు ఇందులో ఏమేం మిగిలి ఉన్నాయండీ?’ అంటే ఓ గంట ఆనందంగా చెబుతారు. ఛాసిస్, పైరేకుల్లో కొన్ని ఆనాటివే అయితే ఈ లోకంలో అది గొప్ప సంగతి. అదే ఇంజను తిరిగి దొరకడం చాలా అరుదు. పాతదేమీ లేకుండా ఫోటోలు చూసి కొత్తగా కట్టిన ప్రతిరూపాన్ని కూడా నేను తక్కువ చేయను, దాన్ని ప్రతిరూపమని చెప్పుకున్నంత వరకూ.

కళ్లతో పరీక్షించదలిస్తే వెల్డింగ్ అతుకుల దగ్గర మొదలుపెట్టండి. పొడిగించిన ఛాసిస్‌లో గొట్టం మధ్యలో అతుకు కనిపిస్తుంది. దాన్ని దాచకుండా ఉంచారంటే కారు జీవితాన్ని దాచలేదని అర్థం. ఆ తర్వాత పేరు రాసిన చోట తల పక్కకు వంచి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూడండి. కుంచెతో రాసిన అక్షరానికి అంచు దగ్గర రంగు కొద్దిగా ఉబ్బి ఉంటుంది, గీత మలుపు తిరిగిన చోట కుంచె వెంట్రుకల సన్నని చారలు కనిపిస్తాయి, బంగారు రేకు అతికించిన చోట రేకుల అతుకు గీత లీలగా తెలుస్తుంది. యంత్రంతో కోసి అంటించిన అక్షరంలో ఇవేవీ ఉండవు. రంగు విషయానికొస్తే, అద్దంలా ముఖం కనిపించేంత మందపు పారదర్శక పూత ఆనాటిది కాదు. అప్పుడూ కొందరు ఛాసిస్‌కు క్రోమ్ పూత వేయించిన మాట నిజమే, అందుకని మెరిసే ప్రతిదీ అబద్ధమనలేం. కానీ బోల్టు తల కింద కూడా ఒక్క గీత లేకుండా, గొట్టం లోపలి అంచు కూడా తళతళలాడుతుంటే, పైన పటారం లోన లొటారం అన్న సామెత గుర్తుచేసుకుని ఇంజను ఎప్పుడైనా మండిందా అని అడగండి.

మండే కారును చూసే అవకాశం దొరికితే వదులుకోవద్దు. కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ దగ్గరి ఫమోసో ట్రాకులో ఇలాంటి కార్లను పాత పద్ధతిలో ట్రక్కులతో నెట్టి, ఇంజన్లు రగిలించి, వరుసగా నిలబెట్టే వేడుక ఉంది. ఆ ఇంజన్ల చిటపటల శబ్దాన్ని బట్టి దాన్ని క్యాకిల్‌ఫెస్ట్ అంటారు. చెవులకు రక్షణ తప్పనిసరి, నైట్రో ఆవిరికి కళ్లు మండి నీళ్లు కారతాయి. కారుకు ముందు గానీ వెనుక గానీ నిలబడకండి, సూపర్‌చార్జర్ బెల్టుకు సూటిగా ఉన్న చోటు కూడా మంచిది కాదు. పొద్దు వాలాక చూస్తే ఎనిమిది గొట్టాల నుంచి ఎనిమిది మంటలు కనిపిస్తాయి. వాటి ఎత్తులను పోల్చి చూడండి. ఒక గొట్టం నుంచి మంటకు బదులు తెల్లటి ఆవిరి వస్తుంటే ఆ సిలిండరు మండటం లేదని, ఇంధనం పచ్చిగానే బయటికి వస్తోందని అర్థం. ద్రవం నలగదు కాబట్టి అలా నిండిన సిలిండరు ఇంజనునే పగలగొట్టగలదు. అనుభవం ఉన్న యజమాని వెంటనే ఇంజను ఆపేస్తారు.

ఇంజను ఆగాక జనం చెదిరిపోతారు. మీరు పావుగంట ఆగి, గొట్టాలు చల్లబడ్డాక మళ్లీ దగ్గరికి వెళ్లండి. పొద్దున తళతళలాడిన పైరేకు మీద నూనె చుక్కలు ఉంటాయి, గొట్టాల నోళ్లు లోపల బూడిద రంగుకు తిరిగి ఉంటాయి, సీటు ముందు రేకు మీద సన్నని జిడ్డు పొర పరచుకుని ఉంటుంది. గుడ్డ తీసుకుని యజమాని తుడవడం మొదలుపెట్టేలోపే ఫోటో తీసుకోండి.