గుట్ట ఎక్కించే గైడును ఎలా ఎంచుకోవాలి

భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టలో తాడు కట్టి బండ ఎక్కాలన్నా, హిమాలయాలకు ట్రెక్కింగ్ పోవాలన్నా, డబ్బు కట్టే ముందే గైడు సర్టిఫికెట్ చూడండి. బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు అంటే అతను ఎక్కడం నేర్చుకున్నాడని మాత్రమే. ఎక్కించడానికి అది చాలదు. అడ్వాన్స్‌డ్ కోర్సు తర్వాత ‘మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్’ (ఎక్కడం నేర్పించే పద్ధతి) కోర్సు కూడా చేసినవాళ్లకే మొదటి ప్రాధాన్యం. ఉత్తరకాశీ, డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థల్లో ఈ కోర్సులున్నాయి. ప్రథమ చికిత్స సర్టిఫికెట్ గడువు కూడా చదవండి.

కాగితాలకన్నా తాడు ఎక్కువ చెప్తుంది. తయారైన ఏడాది అడగండి: నైలాన్ తాడును వాడకుండా దాచినా 10 ఏళ్లు దాటితే పక్కన పెట్టాల్సిందే. మూరమూరకూ వేళ్లతో తడమండి. మెత్తగా, గుల్లగా తగిలిన చోట లోపలి పోగులు దెబ్బతిని ఉండొచ్చు. పైన యాంకర్ (తాడును బండకు పట్టి ఉంచే ఏర్పాటు) కనీసం రెండు వేర్వేరు ఆధారాలకు కట్టాలి. ఒకే బోల్టును నమ్మితే, అది ఊడగానే ఆపేదేమీ ఉండదు. దిగేటప్పుడు తాడు చివర ముడి లేకపోతే మనిషి తాడు దాటి జారిపోతాడు. ఈ ముడి వేయని గైడుతో అసలు దిగొద్దు.

గుట్టల్లో కొండ తేనెటీగల పట్టులుంటాయి. అవి ఏ బండకున్నాయో, లేస్తే ఎటు తప్పుకోవాలో, దగ్గరి ఆసుపత్రి ఏదో ముందే చెప్పించుకోండి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఎక్కిస్తానంటే ఇంకొకరిని వెతకండి.