మీ ఊరి పాత ఎమ్మెల్యే జీవితం రాయడం ఎలా?

ఊళ్లో లైబ్రరీకి పాత ఎమ్మెల్యే గారి పేరు పెడుతున్నారు, ప్రారంభం రోజున పంచడానికి నాలుగు పేజీల పుస్తకం కావాలి. లేదా ఆయన శతజయంతి దగ్గర పడింది, వికీపీడియాలో చూస్తే రెండు వాక్యాలే ఉన్నాయి. "నువ్వు రాస్తావుగా, కాస్త రాసిపెట్టు బాబూ" అని ఎవరో ఒకరు మీ నెత్తిన పెడతారు. అలా నా నెత్తిన పడిన మొదటిసారి నేను "అజాతశత్రువు, పేదల పెన్నిధి" అంటూ ఎత్తుకున్నాను. ఆయన మూడు ఎన్నికల్లో ఓడిపోయారని తర్వాత తెలిసింది. శత్రువులే లేని మనిషిని మూడుసార్లు ఓడించిందెవరో మరి!

అప్పటినుంచి నాది ఒకటే పద్ధతి. ముందు పట్టిక, తర్వాతే వాక్యం. ఎలాగో చెప్పడానికి అందరికీ తెలిసిన కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారిని ఉదాహరణగా తీసుకుంటాను. సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్లారన్నది ఎవరినడిగినా చెబుతారు. గన్నవరం ఎమ్మెల్యేగా ఎన్నేళ్లున్నారో చెప్పమంటే మాత్రం తడుముకుంటారు.

1. పేరు, ఊరు ఖాయం చేసుకోండి

రికార్డుల్లో ఉన్న పేరూ జనం పిలిచే పేరూ ఒకటే కావాలని లేదు. సుందరయ్య గారి అసలు పేరు సుందరరామిరెడ్డి. కులం తోకను ఆయనే వదిలేశారు. మీ ఎమ్మెల్యేకు స్కూల్లో ఒక పేరు, బ్యాలెట్ మీద ఇంకో పేరు, ఊళ్లో మూడో పేరు ఉండొచ్చు. అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి, వెతికేటప్పుడు అన్నీ అవసరమవుతాయి.

పుట్టిన ఊరు రాసేటప్పుడు ఆనాటి రాష్ట్రం ఏదో చూసుకోండి. సుందరయ్య గారు 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. అప్పటికి అది మద్రాసు ప్రెసిడెన్సీ. "ఆంధ్రప్రదేశ్‌లో జన్మించారు" అని రాస్తే, ఇంకా పుట్టని రాష్ట్రంలో ఆయన్ని పుట్టించినట్టు.

2. ఎన్నికల పట్టిక వేయండి

సగం తప్పులు ఇక్కడే దొర్లుతాయి కాబట్టి దీనికి రెండు రోజులైనా కేటాయించండి. కేంద్ర ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో 1951–52 నుంచి ప్రతి సాధారణ ఎన్నికకూ గణాంక నివేదిక ఉంటుంది. రాష్ట్రం, సంవత్సరం ఎంచుకుంటే నియోజకవర్గాల వారీగా అభ్యర్థులు, పార్టీలు, ఓట్లు కనిపిస్తాయి. సంవత్సరం, నియోజకవర్గం, పార్టీ, వచ్చిన ఓట్లు, ప్రత్యర్థి ఓట్లు, ఫలితం అని ఆరు గడులు గీసుకోండి. ఓడిన ఎన్నికలూ రాయాలి. అభిమానులు ఎలాగూ అవి చెప్పరు.

నివేదికలో పేరు కనబడకపోతే పోటీ చేయలేదని అప్పుడే తేల్చేయకండి. ఉప ఎన్నికల ఫలితాలు ఆ నివేదికల్లో ఉండవు, వాటికి ఆనాటి పత్రికలే దిక్కు. పైగా ఆ నివేదికలు ఇంగ్లీషులో ఉంటాయి. ఇంటిపేరు ముందో వెనకో, ఒక అక్షరం ఎక్కువో తక్కువో అవుతుంది. పేరు కన్నా నియోజకవర్గం పట్టుకుని వెతకడం సుఖం.

ఇప్పుడు ఏళ్ల లెక్క. మూడుసార్లు గెలిచారు కాబట్టి పదిహేనేళ్లు అని గుణించేస్తారు చాలామంది. సుందరయ్య గారు గన్నవరం నుంచి 1955, 1962, 1978 ఎన్నికల్లో గెలిచారు. ఆంధ్ర రాష్ట్రంలో 1955లో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957లో తెలంగాణ ప్రాంతంలో మాత్రమే ఓటింగ్ జరిగింది. 1955లో గెలిచిన ఆంధ్ర ప్రాంత సభ్యులు మళ్లీ ఓటు అడగకుండానే 1962 దాకా కొనసాగారు. అంటే మొదటి గెలుపుకే ఏడేళ్లు. మిగతా రెండు గెలుపులకూ ఐదేసి ఏళ్లు కలిపితే మొత్తం సుమారు 17 ఏళ్లు తేలుతుంది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 1972లో గెలిచినవాళ్లకు ఎమర్జెన్సీ పుణ్యమా అని 1978 వరకు పదవి సాగింది. 1983 జనవరిలో గెలిచినవాళ్లు 1985 మార్చికల్లా మళ్లీ జనం ముందుకు రావలసి వచ్చింది. తెలంగాణలో 2014 నాటి సభ 2018 సెప్టెంబరులోనే రద్దయింది.

పార్టీ గడిని కూడా ఏడాదేడాదికీ విడిగా నింపండి. 1955, 1962లో సుందరయ్య గారు సీపీఐ. 1964లో పార్టీ చీలింది, ఆయన సీపీఎం తొలి ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1978 గెలుపు సీపీఎం తరఫున. మూడింటికీ కలిపి "కమ్యూనిస్టు ఎమ్మెల్యే" అని సరిపెడితే ఆ చీలికే మాయమైపోతుంది.

నియోజకవర్గం సరిహద్దులూ మారతాయి. కృష్ణా జిల్లాలో కంకిపాడు, ఉయ్యూరు నియోజకవర్గాలు 2004 ఎన్నికలతో ముగిశాయి, 2009 నాటికి పెనమలూరు వచ్చింది. 1950ల్లో కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరేసి సభ్యులుండేవారు, 1961 చట్టంతో ఆ పద్ధతి పోయింది. అప్పటి పట్టికలో ఒకే చోట ఇద్దరు విజేతలు కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి.

3. ఆస్తులు, కేసులు

2002, 2003ల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల తర్వాత అభ్యర్థులు ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అఫిడవిట్‌లో చెప్పాల్సి వస్తోంది. ఫారం 26 అంటారు దాన్ని. మన దగ్గర 2004 ఎన్నికల నుంచి దొరుకుతాయి. అంతకు ముందువాళ్ల ఆస్తి గురించి ఊళ్లో చెప్పుకునేవన్నీ ఊళ్లో చెప్పుకునేవే, అలాగే రాయండి.

అఫిడవిట్ అభ్యర్థి తన గురించి తాను ప్రమాణం చేసి చెప్పుకున్నది. కాబట్టి "ఇన్ని ఎకరాలు ఉన్నాయి" బదులు "ఇన్ని ఎకరాలు ఉన్నట్టు చూపించారు" అనాలి. కేసు నమోదు కావడం, విచారణ నడవడం, శిక్ష పడటం మూడూ వేరు. ఈ తేడా చెరిపేసి రాస్తే పుస్తకం బదులు లాయరు నోటీసు చేతికొస్తుంది.

4. సభలో ఏం మాట్లాడారు?

చాలామంది వదిలేసేది ఇదే, నాకు మాత్రం ఇదే ముఖ్యం. శాసనసభ చర్చలు అచ్చు సంపుటాలుగా ఉంటాయి. సభలో లేచి అడిగిన ప్రశ్న మనిషిని పట్టిస్తుంది. కాలువ నీటి గురించి అడిగారా, బదిలీల గురించా, అసలు నోరే విప్పలేదా? మీ ఎమ్మెల్యే శాసనమండలి సభ్యుడు కూడా అయితే ఏళ్లు చూసుకోండి. మండలి 1985లో రద్దయి 2007లో మళ్లీ వచ్చింది, మధ్యలో ఎవరూ ఎమ్మెల్సీ కాలేరు.

పాత ఆంధ్రపత్రిక వంటి దినపత్రికలను ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసింది. పోలింగ్ జరిగిన వారం ముందూ వెనకా తిరగేయండి. కమ్యూనిస్టు ఉద్యమం మీద పని అయితే హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీకి వెళ్లాల్సిందే.

5. మనుషుల్ని కలవండి, పట్టిక చేతిలో పెట్టుకుని

పట్టిక లేకుండా వెళితే పొగడ్తలు వింటారు, టీ తాగి వస్తారు. "తాతగారూ, మొదటి ఎన్నికప్పుడు ప్రచారానికి జీపు ఎవరిది? పోలింగ్ ఏజెంట్లుగా ఎవరు కూర్చున్నారు? ఓడిన రోజు ఇంట్లో ఏం వండారు?" అని అడగండి. "ఆయన గొప్పతనం చెప్పండి" అంటే ఎవరి గురించైనా ఒకే జవాబు వస్తుంది. ఇంట్లో ఆడవాళ్లను విడిగా అడగండి. రోజూ ఎంతమందికి వండారో, నగలు ఎప్పుడు తాకట్టుకు వెళ్లాయో వాళ్లకే తెలుసు.

తేదీల్లో పెద్దవాళ్ల జ్ఞాపకం తప్పొచ్చు. ఎదురు చెప్పకండి. "తుపాను వచ్చిన ఏడాదికి ముందా, తర్వాతా?" అని అడిగి, ఇంటికొచ్చి సరిచూసుకోండి.

6. రాయండి

మొదటి పేరాలోనే ఎక్కడి నుంచి, ఏయే ఎన్నికల్లో, ఏ పార్టీ తరఫున గెలిచారో చెప్పేయండి. తర్వాత జీవితం. విశేషణాలు రాయాలని చేయి లాగినప్పుడల్లా వాటి బదులు ఒక పని రాయండి. "నిరాడంబరుడు" అన్నమాట కన్నా ఆ సైకిల్ సంగతే ఎక్కువ చెబుతుంది. పార్టీ మారితే మారారని, మారిన ఏడాదితో సహా రాయండి. "ప్రజల అభీష్టం మేరకు" అన్న మాట చేర్చే బాధ్యత మీది కాదు.

అచ్చుకు ఇచ్చే ముందు ఒక ప్రతి ఆయన కుటుంబానికి, ఇంకో ప్రతి ఆయన మీద పోటీ చేసినవాళ్ల ఇంటికి పంపండి. నా రెండో పుస్తకంలో ఓట్ల తేడా ఒక సున్నా ఎక్కువ పడితే, పట్టుకున్నది ఆ రెండో ఇంటివాళ్లే.