నెట్ స్లోగా వస్తోందా? కనెక్షన్ తీయించేసే ముందు చేయాల్సిన పనులు

100 ఎంబీపీఎస్ ప్లాన్ అని డబ్బు కట్టించుకుని, రాత్రి తొమ్మిదింటికి 20 కూడా ఇవ్వకపోతే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆ కోపంలో కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "మీ కనెక్షన్ వద్దు, తీసేయండి" అని పెట్టేస్తాం. అక్కడే దెబ్బ తింటాం. సర్వీసు బాగోలేక మానేశామని ఎక్కడా ఉండదు, మనంతట మనమే వద్దనుకున్నట్టు రికార్డవుతుంది, దాంతో ఆరు నెలల అడ్వాన్స్‌లో మిగిలింది అడిగే బలం పోతుంది. కాబట్టి ముందు రుజువు, తర్వాత ఫిర్యాదు, ఆ తర్వాతే రద్దు. ఈ వరస మాత్రం మార్చకండి.

మొదట లోపం ఎక్కడుందో తేల్చుకోండి. వైఫైలో తీసిన స్పీడ్ టెస్టు చూపిస్తే "గోడలు అడ్డం సార్, మీ ఫోన్ పాతది సార్" అంటారు. అందులో కొంత నిజం కూడా ఉంది, అపార్ట్‌మెంట్లలో పక్కిళ్ల రౌటర్లన్నీ 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే వైఫై బ్యాండ్ మీదే కొట్టుకుంటుంటే ఎంత మంచి లైనైనా సగానికి సగం పడిపోతుంది. అందుకని రౌటర్‌కి ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో కలిపి, ఇంట్లో ఫోన్లు, టీవీ అన్నీ నెట్ నుంచి తీసేసి అప్పుడు చూడండి. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఎప్పుడు చూసినా 94 దగ్గరే ఆగిపోతుంటే రౌటర్ పోర్టో, కేబులో, ల్యాప్‌టాప్ పోర్టో 100కి మించి లాగలేకపోతోందని అర్థం. అది కంపెనీ ఇచ్చిన రౌటర్ వల్లే అయితే మార్చి ఇమ్మని గట్టిగా అడగండి. డౌన్‌లోడ్‌లో సెకనుకు 12 ఎంబీ అని కనపడితే మాత్రం కంగారు పడొద్దు. 8 బిట్లు ఒక బైటు, కాబట్టి 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే.

ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్లు ఇంకొకటి చూడొచ్చు. ఫైబర్ వచ్చి దూరే పెట్టెని ఓఎన్‌టీ అంటారు. దాని అడుగున స్టిక్కర్ మీద లాగిన్ అడ్రసు ఉంటుంది, 192.168.1.1 లాంటిది. చాలా మోడళ్లలో ఆ పేజీలోనే ఆర్‌ఎక్స్ పవర్ అని, అంటే ఫైబర్‌లో మీ ఇంటికి చేరే లైటు బలం, ఒక మైనస్ అంకె కనిపిస్తుంది. మైనస్ 15, మైనస్ 20 అలా ఉంటే బాగున్నట్టే. అదే మైనస్ 27 దాటి మైనస్ 28, 29 అలా పోయిందంటే లైటు మీ ఇంటిదాకా సరిగ్గా అందట్లేదు, స్తంభం దగ్గర జాయింటు పాడయ్యుంటుంది, లేదా కేబుల్ ఎక్కడో మడత పడి ఉంటుంది. వచ్చిన టెక్నీషియన్ "సిగ్నల్ బానే ఉందండీ" అంటే ఆ అంకె చూపించి, అతని ముందే ఫోటో తీసుకోండి. అంకె బాగానే ఉండి, పగలు వచ్చే స్పీడు రోజూ రాత్రిళ్లు మాత్రమే పడిపోతుంటే, చాలామటుకు ఆ ఏరియాలో మోయగలిగిన దానికన్నా ఎక్కువ కనెక్షన్లు ఇచ్చేశారన్నమాట. మొదటిది, అంటే లైటు అందకపోవడం, గంటలో బాగయ్యే పని. రెండోది, అంటే కనెక్షన్లు ఎక్కువైపోవడం, మీ ఇంట్లో ఏం మార్చినా బాగుపడదు, మానేయడమే నయం.

ఇప్పుడు రుజువులు. వారం పాటు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కేబుల్ మీదే టెస్టు చేసి, తేదీ, టైము కనపడేలా స్క్రీన్‌షాట్లు దాచండి. మధ్యలో ఒకటి రెండు సార్లు బాగా వచ్చినా అవీ ఉంచండి, నమ్మకం పెరుగుతుంది. 2006 నాటి బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనల్లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, మనం కొనుక్కున్న స్పీడులో 80 శాతానికి మించి అందాలని పెట్టింది. 2024లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి, అయినా నేను ఇప్పటికీ ఆ 80నే కొలతగా పెట్టుకుంటాను, అంతకన్నా తక్కువ రోజూ వస్తుంటే ఊరుకోవాల్సిన పని లేదు.

టెస్టులతో పాటు ప్లాన్ వివరాలూ తీసి పెట్టుకోండి. కనెక్షన్ తీసుకున్నప్పటి ఫారం, ఆ ప్లాన్ పేజీ స్క్రీన్‌షాట్, బిల్లులు. అందులో డేటా లిమిట్ ఎంతో చూడండి, ఎందుకంటే అన్‌లిమిటెడ్ అన్న ప్లాన్లలోనూ ఒక లిమిట్ దాటాక స్పీడు తగ్గించేస్తారు. అలా తగ్గిస్తే ఎంతకు తగ్గిస్తారో ముందే చెప్పాలని ట్రాయ్ 2016లోనే ఆదేశించింది. మీరు లిమిట్ దాటి ఉంటే ఈ గొడవంతా అనవసరం. ఫ్రీ ఇన్‌స్టలేషన్ అని ఇచ్చినవాళ్లు "ఏడాదిలోపు మానేస్తే ఆ చార్జీ కట్టాలి" అని చిన్న అక్షరాల్లో రాసి ఉండొచ్చు, అదీ ఇప్పుడే చదవండి.

ఫిర్యాదు ఫోన్‌లో చేసినా డాకెట్ నంబరు, అంటే ఆ ఫిర్యాదుకి వాళ్లిచ్చే నంబరు, తీసుకోకుండా పెట్టేయకండి. కొందరు దాన్ని టికెట్ నంబరు అంటారు. అది మెసేజ్‌లో రావాలి. అదే రోజు మెయిల్ కూడా పెట్టండి. ఇలా రాస్తే చాలు:

"నా కస్టమర్ ఐడీ ఇది. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి డబ్బు కట్టాను. ల్యాన్ కేబుల్ మీద వారం పాటు చూసిన స్పీడుల స్క్రీన్‌షాట్లు జత చేశాను. డాకెట్ నంబరు ఇది. ఫలానా తేదీలోగా సరిచేయండి. లేదంటే మీ సర్వీసు లోపం వల్ల కనెక్షన్ రద్దు చేసుకుంటాను, వాడని రోజుల డబ్బు, డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, ముందుగా మానేసినందుకు ఏ చార్జీ వేయకూడదు."

టెక్నీషియన్ రాకుండానే "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ వస్తే వెంటనే ఇంకో టెస్టు తీసి, పరిష్కారం కాలేదని అదే మెయిల్‌కి జవాబివ్వండి. తర్వాతి మెట్టు కంపెనీలోనే ఉండే అప్పిలేట్ అథారిటీ, అంటే తేలని ఫిర్యాదుల మీద అప్పీలు వినేవాళ్లు. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ఫిర్యాదు తేల్చడానికి కంపెనీకున్న గడువు ముగిసిన 30 రోజుల్లోగా అప్పీలు చేయాలి, ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. మరీ చిన్న ప్రొవైడర్లకు ఇందులో మినహాయింపు ఉంది. ఇక ట్రాయ్‌కే నేరుగా రాద్దామనుకుంటారు చాలామంది. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదును విచారించదు, మళ్లీ ఆ కంపెనీకే పంపుతుంది.

ఊళ్లలో, చిన్న టౌన్లలో నెట్ కేబుల్ ఆపరేటర్ ద్వారా వస్తుంది, డబ్బు నెలనెలా ఆయన చేతికే ఇస్తాం, రసీదు అడగడం మొహమాటం. ఆయన మనకు రోజూ ఎదురుపడే మనిషి, అలాగని నోటిమాటతో వదిలేయకండి. డబ్బు యూపీఐలో వేయండి, ఫిర్యాదు వాట్సాప్‌లో పెట్టండి, బిల్లు ఏ కంపెనీ పేరు మీద ఉందో చూసి వాళ్లకీ మెయిల్ కొట్టండి. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించినప్పటిలా నెట్ పూర్తిగా ఆగిపోతే అది వేరే ఫిర్యాదు, స్పీడు ఫిర్యాదుతో కలపకండి. నెట్ లేని రోజులకు అద్దె తగ్గించమని విడిగా అడగండి.

గడువు దాటినా బాగవకపోతే రద్దు చేయమని మెయిల్ పెట్టండి, ఏ తేదీ నుంచో స్పష్టంగా రాసి. అదే రోజు బ్యాంకులోనో యూపీఐలోనో ఆటోపే తీసేయండి. పోస్ట్‌పెయిడ్ అయితే రద్దు చేయకుండా బిల్లు కట్టడం మాత్రం ఆపేయొద్దు, బాకీ పెరిగి రికవరీ వాళ్ల ఫోన్లు మొదలవుతాయి. రౌటర్, ఓఎన్‌టీ, అడాప్టర్ తిరిగిచ్చేటప్పుడు సీరియల్ నంబరు కనపడేలా ఫోటో తీసి, తీసుకున్నట్టు రాసి ఇమ్మనండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఆ వచ్చిన కుర్రాణ్ని నమ్మి ఊరికే ఇచ్చేశారు, కొన్నాళ్లకు రౌటర్ డబ్బులు కట్టమని నోటీసొచ్చింది, ఇచ్చానని చూపించడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

డబ్బు రాకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికాం గొడవలు అక్కడ చెల్లవని కంపెనీలు చాలాకాలం వాదించాయి, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెల్లుతాయని తేల్చేసింది. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు, లాయర్ తప్పనిసరి కాదు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి. మిగిలిన అడ్వాన్స్, డిపాజిట్, పడ్డ ఇబ్బందికి పరిహారం, ఖర్చులు విడివిడిగా అంకెలు వేసి అడగండి, దాచుకున్న స్క్రీన్‌షాట్లు, డాకెట్ నంబర్లు తేదీల వరసలో జత చేయండి.