ఐదు బై ఎనిమిది బాత్రూం: ముందు వాటం, తర్వాతే టైల్స్

మినిమలిస్ట్ బాత్రూం కావాలంటే టైల్స్ షాపుకి వెళ్ళేముందు పాత బాత్రూంలో సామానంతా బయటపెట్టి చూడండి. మా కూకట్‌పల్లి ఫ్లాట్‌లో రోజూ వాడేవి బకెట్టు, మగ్గు, అత్తయ్యగారు కూర్చుని స్నానం చేసే స్టూలు, సబ్బు, షాంపూ. అంతే. స్టూలుకీ బకెట్టుకీ చోటు గుర్తుపెట్టాకే షవర్, కమోడ్ ఎక్కడో గీయించాను.

పాత టైల్స్ మీదే కొత్తవి అంటించేద్దాం అంటారు. ఒప్పుకోవద్దు. గడప దగ్గర ఎత్తు తేడా వస్తుంది, కింద లీకేజీ ఉంటే అలాగే ఉండిపోతుంది. నేల పగలగొట్టించి పైపులు మార్పించండి. గోడ మూసేముందు వాటి పక్కన కొలత టేపు పెట్టి ఫొటోలు తీసుకోండి. రేపు డ్రిల్లింగ్ పెట్టేటప్పుడు టెన్షన్ ఉండదు. వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు వేయించాలి, మొదటిది నిలువుగా, ఆరాక రెండోది అడ్డంగా. షవర్ గోడకి తలపై దాకా, మిగతా గోడలకి అడుగు ఎత్తు. మూలల్లో ఫైబర్ మెష్ (సన్నని జాలీ గుడ్డ) తప్పనిసరి. తర్వాత నహానీ ట్రాప్ (నేలలో నీళ్ళు పోయే రంధ్రం) మూసి, రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి, గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. 48 గంటలు ఆగి నీటిమట్టం ఎంత దిగిందో, కింది ఫ్లాట్ సీలింగ్ తడిసిందేమో చూడండి. మేస్త్రీ ఎంత తొందరపెట్టినా ఇది తేలేదాకా ఒక్క టైలు కూడా వేయనివ్వకండి.

గోడలకి రెండు బై నాలుగు అడుగుల టైల్స్ బాగుంటాయి, అతుకులు తగ్గుతాయి. నేలకి అవి వద్దు. ట్రాప్‌కి అన్ని వైపుల నుంచీ వాటం, అంటే నీళ్ళు జారే వాలు, రావాలంటే అంత పెద్ద టైలుని కోయాల్సిందే. అడుగు సైజు మ్యాట్ టైల్స్ తీసుకోండి. లేదా గోడ పొడవునా లీనియర్ డ్రైన్ (సన్నటి పొడవాటి జాలీ కాలువ) పెట్టించి ఒకే వైపు వాటం ఇప్పించండి. ఐదడుగులకి అంగుళం చాలు. నేల మీద ఎక్కడ గోళీ వదిలినా డ్రైన్ వైపే దొర్లాలి. టైల్స్ సందులు నింపడానికి నేలకి ఎపాక్సీ గ్రౌట్ ఖర్చు ఎక్కువే, అయినా పెట్టండి. మామూలు లేత రంగు గ్రౌట్ నల్లబడిపోతుంది.

సబ్బు గూడు తొమ్మిదంగుళాల గోడలోనే పెట్టించండి, నాలుగున్నర అంగుళాల గోడని తొలచవద్దు. గూడు అడుగుభాగం కాస్త బయటికి వాలితే నీళ్ళు నిలవవు.

బోరు నీళ్ళయితే నల్ల మ్యాట్ ట్యాపులు, గాజు పార్టిషన్ మానేయండి, తెల్ల చారలు తుడవలేక విసుగొస్తుంది. క్రోమ్ ట్యాపులే మేలు. గోడకి వేలాడే కమోడ్ పెడితే కింద తుడవడం సులువు, కానీ గోడ మీది ఫ్లష్ బటన్ల ప్లేటు ఊడదీస్తే లోపలి వాల్వ్ చేతికి అందాలి. బిగించేటప్పుడే తీయించి చూసుకోండి. అదే బ్యాచ్ టైల్స్ ఒక పెట్టె అటక మీద ఉంచండి, తర్వాత ఆ షేడ్ దొరకడం కష్టం.